వాళ్ళ అరిసెలు, మా బూరెలు

మా పై అంతస్తులో కొత్తగా దిగినవాళ్ళు క్రైస్తవులు. మొన్న క్రిస్మస్ నాడు పొద్దున్నే ఆ ఇంటి కోడలు మెట్లు దిగి వచ్చి మా బెల్లు కొట్టింది. చేతిలో పళ్ళెం, దాని మీద కాగితం రుమాలు. "హ్యాపీ క్రిస్మస్ ఆంటీ" అంటూ పళ్ళెం నా వైపు చాచి, మళ్ళీ ఏమనుకుందో చెయ్యి కొంచెం వెనక్కి తీసుకుని, "మీరు తింటారా అండీ?" అని అడిగింది.

"తింటాం. ఇవ్వమ్మా" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. ఇదివరకు ఏదో గుమ్మంలో ఎవరో తినం అని చెప్పి ఉంటారు. అలా చెప్పినవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

మాది వినుకొండ వైపు నల్లరేగడి పల్లె. ఊళ్ళో మా ఇంటిని పెద్దిల్లు అనేవారు. గొప్ప కోసం రాయడం లేదు. ఊరంతా అలాగే పిలిచేది, పోస్టుమాన్ కూడా అలాగే అడిగేవాడు. పత్తి తీతలు మొదలైతే మా ముందు గదులు రెండూ పైకప్పు దాకా పత్తితో నిండిపోయేవి. చలి తగ్గేసరికి కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా పరుచుకునేవి. ఆ ఘాటుకి రోడ్డు మీద పోయే బస్సులో వాళ్ళు తుమ్ముకుంటూ పోయేవారు. తాతయ్య వసారాలో పడక కుర్చీలో కూర్చుని, ఎవరు వచ్చినా ముందు వాళ్ళ తాతల క్షేమం, తరవాత వచ్చిన పని అడిగేవారు. మిగతా ఇల్లంతా నాయనమ్మది. మా అమ్మా నాన్నా ఆ ఇంట్లోనే ఉండేవారు గానీ, పెద్దవాళ్ళిద్దరూ మాట్లాడాక వాళ్ళు మాట్లాడడానికి పెద్దగా ఏమీ మిగిలేది కాదు.

నా నేస్తం ఇల్లు ఊరికి తూర్పున, చర్చి పక్కన ఉన్న పేటలో. వాళ్ళమ్మ మా ఊరి ఎలిమెంటరీ బడిలో టీచరు. మా ఇద్దరి చేతా అక్షరాలు దిద్దించింది ఆవిడే. ఆరో తరగతికి వచ్చాక పక్క ఊరి హైస్కూలుకి ఇద్దరం కలిసి నడిచి వెళ్ళేవాళ్ళం. దారిలో పత్తి చేలు, వాటికి కొట్టే పురుగుమందు వాసన. ఆ వాసన వచ్చినప్పుడల్లా తను ఓణీ చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "మీ తాతయ్యని కాస్త సెంటు కలిపి కొట్టమనవే" అనేది.

డిసెంబరు రాగానే తను పత్తి కోసం మా ఇంటికి వచ్చేది. చర్చిలో పశువుల పాక కట్టి, దాని కప్పు మీద మంచు అని పత్తి పరిచేవారు. మంచు ఎలా ఉంటుందో మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. గ్రీటింగు కార్డులు కూడా తను ఇంట్లోనే చేసేది. డ్రాయింగు అట్ట మడిచి, స్కెచ్ పెన్నులతో ఇల్లు గీసి, ఆ ఇంటి మీద జిగురు రాసి మా పత్తి అతికించేది. పత్తి తీసుకోవడానికి గదిలోకి వెళ్ళినవాళ్ళం తీసుకుని ఊరుకునేవాళ్ళం కాదు. తలుపు దగ్గరగా వేసి, కిటికీ ఎక్కి, పత్తి గుట్టలోకి దూకేవాళ్ళం. మెడ దాకా కూరుకుపోయేవాళ్ళం. లోపల వెచ్చగా, గింజల నూనె వాసనగా ఉండేది. నాయనమ్మ వచ్చి తలుపు తీసేసరికి ఇద్దరి జుట్టూ తెల్లగా ఉండేది.

"మీకు అప్పుడే ముసలితనం వచ్చిందేమే? ఇటు రండి, చీపురుతో దులుపుతా" అనేది. దులిపేది కూడా.

పండగలకి రెండిళ్ళ మధ్యా ఇచ్చిపుచ్చుకోవడాలు ఉండేవి. దసరాకి మా ఇంటి నుంచి బూరెలూ పులిహోరా వెళ్ళేవి. ఉగాదికి బొబ్బట్లు. క్రిస్మస్‌కి టీచరుగారు గంజి పెట్టిన చీర కట్టుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని మా వసారా మెట్ల దాకా వచ్చేవారు. ఒక పళ్ళెంలో అరటిపళ్ళూ కమలాలూ, ఇంకో గిన్నెలో గుంటూరు నుంచి తెప్పించిన కేకు. "హ్యాపీ క్రిస్మస్ అండీ అమ్మగారూ" అనేవారు. నాయనమ్మ రెండు చేతులా అందుకుని, "శుభం తల్లీ, పిల్లాపాపా చల్లగా ఉండాలి" అనేది. తాతయ్య చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టేవారు. అంతకంటే పెద్ద మర్యాద ఆయన దగ్గర లేదు.

వాళ్ళు మలుపు తిరిగాక నాయనమ్మ పళ్ళు లోపలికి తీసుకెళ్ళేది. కేకు గిన్నె మాత్రం నా చేతికిచ్చి, "దూదేకుల తాతకి ఇచ్చిరా" అనేది. నేను ఇచ్చి వచ్చేదాన్ని. ఎందుకని అడగలేదు. అడగకుండానే తెలిసేలా పెంచారు మమ్మల్ని. పండు తొక్క తీసుకుని తినొచ్చు. వాళ్ళ పొయ్యి మీదా వాళ్ళ చేతుల మీదా తయారైంది మాత్రం మా గడప దాటి లోపలికి రాదు. కేకు గుంటూరులో ఎవరు చేశారో ఎవరికీ తెలియకపోయినా, ఆ గిన్నె వాళ్ళది.

దూదేకుల తాత ఇల్లు మా వీధికీ పేటకీ మధ్య మలుపులో ఉండేది. పరుపులూ దిండ్లూ కుట్టేవాడు. పొద్దస్తమానం ఆ ఇంట్లోంచి దూది ఏకే విల్లు టుంయ్ టుంయ్ మంటూ ఉండేది. భార్య పోయింది, కూతురు సత్తెనపల్లిలో ఉండేది. రంజాన్‌కి ఆయన సేమ్యా చేసి ఊళ్ళో పిల్లలందరికీ పెట్టేవాడు. ఎవరేమి ఇచ్చినా తినేవాడు. "నా నోట్లో పళ్ళూ లేవు, పట్టింపులూ లేవు" అని నవ్వేవాడు. తిన్నాక గిన్నె కడిగి, ఎవరిది వాళ్ళ గుమ్మంలో తనే పెట్టి వచ్చేవాడు.

ఏడో తరగతిలో దసరా నాడు పొద్దున నేనే నేస్తం ఇంటికి బూరెల గిన్నె ఇచ్చి వచ్చాను. మధ్యాహ్నం నాయనమ్మ చిరిగిన దిండు ఇచ్చి తాత దగ్గరికి పంపింది. వెళ్ళేసరికి ఆయన అరుగు మీద కూర్చుని బూరె తింటున్నాడు. పక్కన గిన్నె. దాని అంచు మీద మా ఇంటి పేరు చెక్కి ఉంది.

"ఈ గిన్నె నీ దగ్గరికి ఎలా వచ్చింది తాతా?"

"టీచరమ్మ పంపింది."

"మేం వాళ్ళకిచ్చినవి ఇవి."

"అవునమ్మడూ. ఏటా వచ్చేవేగా. మీ దేవుడి ముందు పెట్టినవి వాళ్ళు తినరంట." బూరెలో పూర్ణం వేలితో తీసి నోట్లో పెట్టుకున్నాడు. "వాళ్ళ కేకు నువ్వు తెస్తావు, మీ బూరెలు వాళ్ళ పిల్ల తెస్తుంది. మీ రెండిళ్ళూ చల్లగుండాలి. నా కొలువు బాగుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ కేకు అన్నేళ్ళు నా చేత్తో నేనే ఆయనకి ఇచ్చాను. అది నాకు ఆ క్షణాన గుర్తు రాలేదు. మా ఇంటి వంట, మా నాయనమ్మ చేతి వంట, వాళ్ళు తినకుండా ఇంకొకరికి ఇవ్వడమా? ప్రతి ఏడూ సెలవులయ్యాక బడికి వెళ్ళే దారిలో "బూరెలు ఎంత బాగున్నాయో" అని తను చెప్పిన మాటలన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి.

సెలవులు అయ్యాక హైస్కూలు పంపు దగ్గర పట్టుకుని అడిగాను.

"నువ్వు బూరెలు తిన్నానని చెప్పావు."

తను నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, "నువ్వు కేకు తిన్నానని చెప్పావు" అంది.

"అది వేరు."

"ఏం వేరు?"

"మేం తినకపోవడం వేరు. మీరు మాది తినకపోవడం ఏంటి?"

"అంటే?" అని అడిగింది. కోపంగా కూడా అడగలేదు. నిజంగా జవాబు కావాలన్నట్టు నా మొహంలోకి చూస్తూ నిలబడింది. నా దగ్గర ఉన్న జవాబు పైకి అనగలిగేది కాదు. తనే నవ్వేసి, "మీరు మేం వండింది తినరు. మేం మీ దేవుడికి పెట్టింది తినం. ఇద్దరిదీ తాత తింటున్నాడు. ఆయన బాగానే ఉన్నాడుగా, నీకెందుకే ఏడుపు?" అంది.

తరవాత తనే ఒక మార్గం కూడా చెప్పింది. "మీ నాయనమ్మని దేవుడికి పెట్టకముందే ఒక బూరె నా కోసం తీసి ఉంచమను. అది తింటా."

ఇంటికి వెళ్ళి నాయనమ్మని అడిగాను. "దేవుడి కంటే ముందు నీ స్నేహితురాలికా?" అని గరిటె ఎత్తింది. మరి దేనికో నవ్వింది కూడా. బూరె మాత్రం తీసి ఉంచలేదు.

అప్పటి నుంచి మేమిద్దరం మాకంటూ ఒక పద్ధతి పెట్టుకున్నాం. వండనిదీ, దేవుడికి పెట్టనిదీ ఏదైనా కలిసి తినొచ్చు. వెతికితే అలాంటివి బోలెడున్నాయి. ఉప్పూ కారం అద్దిన రేగిపళ్ళు, సీమ చింతకాయలు, చేలో పీకిన పచ్చి వేరుశనక్కాయలు, మా కొట్టు గదిలోంచి ఓణీలో దాచి తెచ్చిన బెల్లం గడ్డ. క్రిస్మస్‌కి తను నాకు రేగిపళ్ళ పొట్లం ఇచ్చి "హ్యాపీ క్రిస్మస్" అనేది. నేను దసరాకి బెల్లం ముక్క ఇచ్చి "దసరా శుభాకాంక్షలు" అనేదాన్ని. ఆ మాటలు ఇళ్ళ తరఫున పెద్దవాళ్ళు అనుకునేవి కావు, మావి. ఏ పండగ తిండీ నాకు మళ్ళీ అంత రుచిగా అనిపించలేదు.

మా పతనం గురించి ఎక్కువ చెప్పను. పచ్చపురుగు వరసగా రెండేళ్ళు పత్తిని తినేసింది. కొట్టిన మందుకల్లా పురుగు ఇంకా బలిసేది. కాయ విప్పితే లోపల దూది ఉండేది కాదు, పురుగు చూస్తూ ఉండేది. పొలం ముక్కలు ముక్కలుగా చేతులు మారింది. నేను తొమ్మిదిలో ఉండగా, తొలకరి పడ్డాక, తాతయ్య వసారాలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. ముందు గదులు రెండూ ఆ ఏడాది ఖాళీగా ఉన్నాయి. మాట్లాడితే మాట తిరిగి వచ్చేది.

మనిషి పోయిన ఇంట్లో సంవత్సరీకం అయ్యేదాకా పండగ ఉండదు. పిండివంటలు చేసుకోరు. మా ఇంట్లో దేవుడి గది తలుపు కూడా వేసేశారు. కానీ పండగ పూట ఆ ఇంటి వాళ్ళ నోరు చప్పగా ఉండకూడదని, బంధువులో ఇరుగుపొరుగో తీపి చేసి తెచ్చిపెట్టాలి. అది ఆనవాయితీ. మా ఇంటి నుంచి అలా ఎన్ని ఇళ్ళకి వెళ్ళాయో నాకు తెలుసు, మోసినదాన్ని నేనే. దసరా వచ్చింది. నాయనమ్మ తెల్లచీరలో వసారా స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఎవరూ రాలేదు. దీపావళి వచ్చింది. ఎవరూ రాలేదు. వస్తే ఏదైనా సాయం అడుగుతామని భయపడ్డారు. మేం అడిగేవాళ్ళం కాదు. అది వాళ్ళకి తెలిసి ఉండాల్సింది.

ఆ రోజుల్లో ఒక సాయంత్రం బడి నుంచి వస్తూ నేస్తం అంది: "ఇప్పుడు మీ ఇంట్లో దేవుడికి పెట్టడం లేదుగా? అయితే మీ ఇంట్లో ఏం వండినా నేను తినొచ్చు."

తమాషాకే అంది. కానీ ఇద్దరం ఆగిపోయాం. నిజమే అది. ఇంటికి తీసుకెళ్ళి, వసారాలో కూర్చోబెట్టి, కందిపొడి కలిపిన అన్నం విస్తరాకులో పెట్టి తెచ్చాను. నాయనమ్మ స్తంభం దగ్గర నుంచి చూసింది. వద్దంటుందేమో అనుకున్నాను.

"పిల్లకి నెయ్యి వెయ్యవే" అంది.

తను మొత్తం తినేసింది. ఆకు మీద మెతుకు మిగల్చలేదు. "మీ ఇంటి వంట ఇలా ఉంటుందా!" అని వేళ్ళు నాకుతూ అంది. ఆ తరవాత చాలా సాయంత్రాలు తిని వెళ్ళింది.

క్రిస్మస్ వచ్చింది. అమ్మా నాన్నా గుంటూరు వెళ్ళారు, అక్కడ మిర్చి కొట్టులో నాన్నకి గుమస్తా పని చూసుకోవడానికి. ఒకప్పుడు మా సరుకు వెళ్ళిన కొట్టే అది. నాయనమ్మ పెరట్లో తలస్నానం చేస్తోంది. నేను వసారా ఊడుస్తున్నాను. టీచరుగారూ నేస్తం వచ్చారు. ఆ ఏడు పళ్ళెం లేదు. టీచరుగారి చేతిలో ఒక స్టీలు డబ్బా, దాని మీద లేసు అల్లిన గుడ్డ. నేస్తం కొత్త గులాబీ రంగు పట్టు లంగా కట్టుకుంది. మెట్ల మీదికి రాకముందే తన మొహం నవ్వుతోంది.

టీచరుగారు మూత తీశారు. అరిసెలు. నువ్వులు అద్ది, నేతిలో వేయించి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. వాసన మెట్ల మీద నుంచి నా దాకా వచ్చింది.

"నానమ్మగారు లేరామ్మా? ఏడాది లోపు పండగ పూట బయటివాళ్ళు తీపి తేవాలంటారు కదా. మీ వాళ్ళెవరూ రాలేదని పాప చెప్పింది. నెయ్యితోనే చేశాను" అన్నారు.

మీ వాళ్ళెవరూ రాలేదని పాప చెప్పింది. నాకు ఆ మాట ఒక్కటే వినపడింది. మా వసారాలో కూర్చుని, మా అన్నం తిని, మా ఇంటికి ఎవరూ రావడం లేదని వాళ్ళింట్లో చెప్పింది. పేటలో వాళ్ళు మా మీద జాలిపడుతున్నారు. నేను చీపురు కింద పెట్టలేదు.

"మా వాళ్ళు వస్తారండి. మేం బయట వండింది తినం" అన్నాను.

నాకు అక్షరాలు దిద్దించిన మనిషితో అన్నాను. ఆవిడ మొహంలో కోపం రాలేదు. "సరేనమ్మా" అని మూత పెట్టి, గుడ్డ సర్దారు. నేస్తం నా వైపు చూస్తూనే ఉంది. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, కానీ దాని వెనక ఏమీ లేదు. "నేను తిన్నాగా" అంది మెల్లిగా. నాతోనో తనతోనో. తరవాత, "పద అమ్మా" అంది.

నాయనమ్మ తడి జుట్టు తుడుచుకుంటూ వచ్చింది. "ఎవరే మాట్లాడింది?"

జరిగింది జరిగినట్టు చెప్పాను. మెచ్చుకుంటుందని అనుకున్నాను. ఇంటి పరువు నిలబెట్టానని అనుకున్నాను.

"తినం అని నీకు ఎవరు చెప్పారే?"

"నువ్వే కదా ఎప్పుడూ..."

"అది పండగ ఉన్న ఇంటి మాట. ఇది మనిషి పోయిన ఇల్లు." స్తంభం పట్టుకుని కూర్చుంది. "ఏడాది లోపు తీపి తెచ్చినవాళ్ళు ఎవరని అడగరు. వచ్చిన తీపి వెనక్కి పంపితే పోయినాయన నోరు చేదు చేసినట్టు. మన వాళ్ళు ఒక్కరు రాలేదు. వచ్చిన ఒక్కళ్ళనీ నువ్వు చీపురు పట్టుకుని పంపించావు."

నేను చీపురు గోడకి ఆనించాను.

"వెళ్ళి తీసుకురా. నేను పండగ చేసుకునే గుమ్మం తొక్కకూడదు, లేకపోతే నేనే వెళ్ళేదాన్ని. నాయనమ్మ అడిగిందని చెప్పి తీసుకురా. ఆ పిల్లకి పండగ పూట మంచి మాట చెప్పి రా."

వెళ్ళాను. మా వాకిలి నుంచి మలుపు దాకా ఏమని అడగాలో మాటలు కూర్చుకుంటూ నడిచాను. ఏ మాట కూర్చినా నోటికి రాలేదు. చర్చి మైకులో పాటలు వినపడుతున్నాయి. మలుపులో దూదేకుల తాత అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన ఆ స్టీలు డబ్బా, లేసు గుడ్డతో సహా.

"రా అమ్మడూ" అన్నాడు. "ఇదేంటో నాకు అంతుపట్టడం లేదు. వాళ్ళది ఎప్పుడూ మీ ఇంటి మీదుగా కదా వచ్చేది. ఈసారి టీచరమ్మే తిన్నగా తెచ్చి ఇక్కడ పెట్టి పోయింది. మాట్లాడలేదు కూడా. పిల్ల ఏడుస్తోంది. అందుకే నేను ముట్టుకోలేదు."

"అవి మాకే తాతా. నాయనమ్మ తెమ్మంది."

"మీకా?" అని నా మొహం చూశాడు. డబ్బా తీసి నా చేతుల్లో పెట్టాడు. "వాళ్ళింటికి కూడా వెళ్ళి చెప్పు మరి. అదిగో, గుమ్మంలోనే ఉన్నారు."

ఉన్నారు. అక్కడి నుంచి వాళ్ళ గుమ్మానికి కట్టిన రంగు కాగితాల తోరణం కనిపిస్తోంది. బంధువులు, పిల్లలు, నవ్వులు. గులాబీ రంగు పట్టు లంగా మాత్రం కనిపించలేదు. ఇంకో నలభై అడుగులు వేస్తే చాలు. డబ్బా దొరికింది కదా, ఇక వెళ్ళాల్సిన పని లేదని నాకు నేను చెప్పుకుని వెనక్కి తిరిగాను.

నాయనమ్మ మొదటి అరిసె తుంచి, కాస్త తాతయ్య పడక కుర్చీ చేతి మీద పెట్టింది. తరవాత తను తింది. కళ్ళు మూసుకుని నమిలింది. "పాకం కుదిరింది. టీచరమ్మ చెయ్యి మంచిది. ఇన్నేళ్ళూ తెలియలేదు" అంది. నేనూ తిన్నాను. పైన కరకరలాడుతూ, లోపల మెత్తగా, నేతి వాసనతో. ఆరు నెలలుగా మా ఇంట్లో తీపి అన్నది లేదు.

మర్నాడు నాయనమ్మ డబ్బా కడిగించింది. మా ఇంటి నుంచి ఖాళీ గిన్నె వెళ్ళడం ఎప్పుడూ లేదు. పెట్టడానికి తీపి చెయ్యకూడదు, చెయ్యడానికి ఇంట్లో బెల్లం కూడా లేదు. చాలాసేపు కొట్టు గదిలో వెతికి, నిరుటి మిరపకాయలు రెండు గుప్పిళ్ళు తెచ్చి, తొడిమలు ఒలిచి డబ్బాలో పోసింది. "వండిందీ కాదు, దేవుడికి పెట్టిందీ కాదు. ఆవిడ వాడుకోవచ్చు. అరిసెలు అన్నీ తిన్నామని చెప్పు. నేను రెండు తిన్నానని చెప్పు" అంది. మేమిద్దరం మా కోసం పెట్టుకున్న పద్ధతి ఆవిడకి ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు.

డబ్బా పట్టుకుని మలుపు దాకా వచ్చాను. అక్కడ మూత తీసి చూశాను. గుంటూరు యార్డుకి లారీల మీద మిరపకాయలు పంపిన ఇల్లు మాది. ఆ ఇంటి నుంచి డబ్బా అడుగున రెండు గుప్పిళ్ళు, అవి కూడా రంగు పోయినవి. వాటిని పట్టుకుని ఆ గుమ్మంలో నిలబడడం నా వల్ల కాలేదు.

మిరపకాయలు దూదేకుల తాత చేటలో పోసేశాను. ఖాళీ డబ్బా ఆయన చేతికిచ్చి, "నువ్వు ఇచ్చెయ్యి తాతా" అన్నాను.

"మీరు తిన్నారని చెప్పనా?"

"నేను చెప్తాలే" అన్నాను.

ఆయన ఎప్పట్లాగే వెళ్ళి, ఎప్పట్లాగే వాళ్ళ గుమ్మంలో డబ్బా పెట్టి వచ్చాడు. ఎప్పట్లాగే తాతే తిన్నాడని అనుకుని ఉంటారు వాళ్ళు.

"ఏమంది టీచరమ్మ?" అని అడిగింది నాయనమ్మ.

"సంతోషించింది" అన్నాను.

"పిల్ల?"

"నవ్వింది."

నాయనమ్మ తృప్తిగా తల ఊపింది.

సెలవులు అయ్యాక కొత్త సంవత్సరం. తను క్లాసులో అందరికీ కార్డులు పంచింది. నా బెంచీ దగ్గరికి వచ్చినప్పుడు నాకూ ఒకటి ఇచ్చింది. అందరికీ ఇచ్చినటువంటిదే. ఇంటి మీద మంచు ఉంది, ఎక్కడి పత్తో తెలియదు. "హ్యాపీ న్యూ ఇయర్" అంది. "సేమ్ టు యు" అన్నాను. తిన్నామే అని చెప్పడానికి నోరు తెరిచాను కూడా. తను అప్పటికే పక్క బెంచీకి వెళ్ళిపోయింది. ఇవాళ కాకపోతే రేపు చెప్పొచ్చు, ముందు తను మాట్లాడనీ అనుకున్నాను. అలా మిరప కోతలు అయిపోయాయి, పరీక్షలు అయిపోయాయి. ఆ వేసవిలో మేం గుంటూరు వచ్చేశాం. మరుసటి ఏడు టీచరుగారికి ఒంగోలు వైపు బదిలీ అయిందని విన్నాను.

నాయనమ్మ ఇంకో ఆరేళ్ళు బతికింది. గుంటూరులో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటూ, ప్రతి డిసెంబరులోనూ, "టీచరమ్మ అరిసెల్లాంటివి మళ్ళీ తినలేదే. ఆ పిల్ల ఎక్కడుందో, ఎప్పుడైనా ఉత్తరం రాస్తోందా?" అని అడిగేది. రాస్తోందని చెప్పేదాన్ని. ఏం రాసిందని అడిగితే ఏదో ఒకటి కల్పించి చెప్పేదాన్ని. పండగ శుభాకాంక్షలు చెప్పమందని, నిన్ను అడిగానని చెప్పమందని. ఆవిడ ఆ మాటలు నమ్మే పోయింది.

ఇప్పుడు మనిషిని వెతకడం పెద్ద పని కాదు. నలుగురిని అడిగితే ఐదో మనిషి దగ్గర ఫోను నంబరు దొరుకుతుంది. దొరికితే చెప్పాల్సింది ఎక్కువ కూడా లేదు. ఆ డబ్బాలో ఏడు అరిసెలు ఉన్నాయి. నాయనమ్మ రెండు తింది. ఒకటి మర్నాటికి దాచుకుందామని, దాచుకోలేక, ఇద్దరం సగం సగం తిన్నాం. మిగిలిన నాలుగూ నేనే తిన్నాను, నిలబడి, కొట్టు గదిలో, తలుపు దగ్గరగా వేసుకుని. నా నేస్తం ఎక్కడున్నా, అవి మేం ముట్టుకోలేదనే అనుకుంటూ ఉండి ఉంటుంది.